హరిత సర్టిఫికెట్లు, కర్బన వాణిజ్యం: ఒక పరిశీలన

సాహిత్య పత్రికలో కరెంటు లెక్కలకు చోటేమిటని పాఠకులు అడగవచ్చు. కాని గత ఇరవై యేళ్లలో కొన్ని మాటలు మన భాషలోకి వచ్చి స్థిరపడ్డాయి. హరిత ఇంధనం, కర్బన క్రెడిట్, కర్బన తటస్థత, నెట్ జీరో. కంపెనీల ప్రకటనల్లో, బ్యాంకుల వార్షిక నివేదికల్లో ఇవి రోజూ కనిపిస్తాయి. వీటిని తెలుగు చేసే పని, జనం చదివేటట్టు మలిచే పని చాలావరకు సాహిత్యం చదువుకున్న యువతీయువకుల చేతుల్లోనే పడుతోంది. ఇంకోపక్క రాయలసీమ కొండల మీద గాలిమరల్ని చూసి కవిత్వం రాసేవాళ్లున్నారు, వాటి కింద పోయిన బీడుభూముల గురించి కథలు రాసేవాళ్లున్నారు. ఇద్దరూ గాలిమర తిరగటాన్ని చూస్తున్నారు. అది తిరిగినప్పుడు ఎన్ని సరుకులు తయారవుతున్నాయి, అవి ఎవరికి అమ్ముడుపోతున్నాయి అన్నది మాత్రం మన రచనల్లోకి ఇంకా రాలేదు.

ముందు ఒక మాట గురించి. ‘క్రెడిట్’ను మనం తెలుగు చెయ్యలేదు. చేస్తే ‘పరపతి’ అవుతుంది. పల్లెల్లో పరపతి సంఘాలు తెలిసినవాళ్లకు కర్బన పరపతి అనగానే నవ్వు రావచ్చు. కాని అప్పు, నమ్మకం, పలుకుబడి మూడూ ఇమిడిన ఆ పాతమాట అసలు విషయానికి దగ్గరగానే ఉంది. ఇక్కడ అమ్మకానికి వచ్చేది చేత్తో పట్టుకునే సరుకు కాదు. ఒక పని జరిగిందన్న హామీ, లేదా ఒక పని జరగలేదన్న హామీ. ఈ రెండు హామీలకూ తేడా ఉంది. దాన్ని పట్టుకుంటే మిగతాదంతా విడిపోతుంది.

మొదటి హామీ సర్టిఫికెట్. 2003 విద్యుత్ చట్టం 86వ సెక్షన్ ప్రకారం, పంపిణీ సంస్థలు కొనే కరెంటులో ఇంత శాతం పునరుత్పాదక వనరుల నుంచి రావాలని రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండళ్లు నిర్ణయించాలి. అయితే గాలీ ఎండా అన్ని రాష్ట్రాలకూ సమానంగా పంచబడలేదు. తమిళనాడుకు ఉన్న గాలి ఢిల్లీకి లేదు. అందుకని 2010 జనవరిలో కేంద్ర విద్యుత్ నియంత్రణ మండలి ఒక ఉపాయం చేసింది. గాలిమర నుంచి వచ్చిన కరెంటును లెక్కలో రెండు ముక్కలు చేసింది. ఒకటి వట్టి కరెంటు. దాన్ని స్థానిక డిస్కంకు మామూలు కరెంటులాగా అమ్ముకోవచ్చు. రెండోది ఆ కరెంటు ‘పచ్చదనం’. వెయ్యి యూనిట్ల కరెంటుకు ఒక సర్టిఫికెట్. అది విద్యుత్ ఎక్స్ఛేంజిలో విడిగా అమ్ముడవుతుంది. 2011లో అమ్మకాలు మొదలయ్యాయి. గాలి లేని రాష్ట్రం డిస్కం ఆ కాగితం కొని తన బాధ్యత తీర్చుకోవచ్చు. కాగితం అన్నానుగాని, అది కంప్యూటర్ రిజిస్టరులో ఒక అంకె మాత్రమే.

సరుకులో ఉపయోగపు విలువ, మారకపు విలువ అని రెండు ముఖాలుంటాయని మార్క్స్ 1867లో చెప్పాడు. ఇక్కడ జరిగింది ఇంకొంచెం వింత. ఉపయోగపు విలువలోంచే ఒక గుణాన్ని కోసి తీసి, దాన్ని వేరే సరుకుగా సంతలో పెట్టారు. సర్టిఫికెట్ తీసేశాక మిగిలిన కరెంటు గాలిమర నుంచి వచ్చినా లెక్కల్లో అది పచ్చ కరెంటు కాదు. దాన్ని కొన్న డిస్కం ‘మేము పవన విద్యుత్ వాడుతున్నాం’ అని చెప్పుకోకూడదు. ఆ మాట చెప్పుకునే హక్కు కాగితంతో పాటు వెళ్లిపోయింది.

ఇది మనకు పూర్తిగా కొత్త ఊహ కాదు. ఉద్యోగపర్వంలో యయాతి స్వర్గం నుంచి జారిపడినప్పుడు, కూతురు మాధవి కొడుకులు నలుగురూ తమ పుణ్యాన్ని తాతకు ఇచ్చేస్తారు. మాధవి తన ధర్మంలో సగం ఇస్తుంది. గాలవుడు తన తపస్సులో ఎనిమిదో వంతు ఇస్తాడు. పుణ్యాన్ని వాటాలుగా లెక్కపెట్టటం, చేసినవాడి నుంచి విడదీసి ఇంకొకడికి బదిలీ చెయ్యటం అందులో ఉన్నాయి. అయితే సగం ఇచ్చినవాళ్లకు సగమే మిగులుతుంది. ఇచ్చినవాడూ పుచ్చుకున్నవాడూ ఇద్దరూ అదే పుణ్యాన్ని చూపించి స్వర్గం అడగటం కుదరదు. హరిత లెక్కల్లో ప్రథమ నియమం కూడా ఇదే. ఎక్కువగా తప్పుతున్న నియమమూ ఇదే.

గాలిమర ఉన్నచోటల్లా సర్టిఫికెట్ పుడుతుందనుకోకూడదు. కర్నూలు దగ్గర గని, శకునాల గ్రామాల భూముల్లో 2017లో పూర్తయిన వెయ్యి మెగావాట్ల సౌర పార్కు ఉంది. అక్కడి కరెంటు దీర్ఘకాల ఒప్పందాల కింద డిస్కంలకు పోతుంది. ధరలో పచ్చదనం కలిసే ఉంది. విడిగా అమ్మటానికేమీ మిగలదు. తమ వాటాకు మించి ఇలాంటి కరెంటు కొన్న డిస్కంలు మిగులుకు సర్టిఫికెట్లు పొందవచ్చన్న సవరణ తర్వాత వచ్చింది.

ఇక రెండో హామీ. కర్బన వాణిజ్యం అనే పేరుకింద రెండు వేరువేరు వస్తువులు తిరుగుతున్నాయి. ఒకటి, ప్రభుత్వం మొత్తం ఉద్గారాలకు ఒక పరిమితి పెట్టి, అంతమేరకు అనుమతి పత్రాలు మాత్రమే విడుదల చెయ్యటం. టన్నుకొక పత్రం. తక్కువ పొగ వదిలినవాడు మిగిలిన పత్రాన్ని ఎక్కువ వదిలినవాడికి అమ్ముకుంటాడు. 2005 జనవరిలో ఐరోపా సమాఖ్య మొదలుపెట్టింది ఇదే. రెండోది, పరిమితి లేనిచోట ఎవరో పొగ తగ్గించారని నిరూపించి, ఆ తగ్గింపును టన్నుల లెక్కన అమ్మటం. 1997 క్యోటో ఒప్పందంలోని సిడిఎం, అంటే స్వచ్ఛ అభివృద్ధి యంత్రాంగం, ఈ కోవలోది.

ఈ రెండో రకానికి మన నేలమీదే ఒక తొలి ఉదాహరణ ఉంది. 2003లో ఆనాటి ఆదిలాబాద్ జిల్లాలోని పవర్‌గూడ అనే ఆదివాసీ గూడెం మహిళా సంఘం ప్రపంచ బ్యాంకుకు 147 టన్నుల కర్బన తగ్గింపు అమ్మింది. వచ్చింది 645 డాలర్లు. డీజిల్‌కు బదులు కానుగ నూనె వాడటం వల్ల పదేళ్లలో తగ్గబోయే పొగ అది. కొన్నది ఎందుకంటే, ఆ అక్టోబరులో వాషింగ్టన్‌లో జరిగిన ఒక అంతర్జాతీయ సదస్సుకు ప్రతినిధులు చేసిన ప్రయాణాల పొగకు జమకట్టటానికి. టన్నుకు నాలుగున్నర డాలర్లు కూడా పడలేదు. ఆ డబ్బు గూడేనికి ఉపయోగపడలేదని నేననను. కాని విమానం పొగ ఆ నెలలోనే గాలిలో కలిసింది, కానుగ నూనె తగ్గించవలసిన పొగ పదేళ్ల పొడుగునా పరుచుకుంది. ఒక గూడెం పదేళ్ల పని ఒక సదస్సు ప్రయాణాలకు సరిపోయింది. ఈ నిష్పత్తిని ఏ కథకుడైనా గమనించవలసిందే.

ఇప్పుడు తేడా చూద్దాం. సర్టిఫికెట్ వార్త లాంటిది. ఫలానా నెలలో ఫలానా మీటరు గుండా ఇన్ని యూనిట్లు వెళ్లాయి అని చెబుతుంది, అంతే. మీటరు చూస్తే తేలిపోతుంది. కర్బన క్రెడిట్‌కు వార్త చాలదు, దానికి కథ కావాలి. ‘ఈ ప్రాజెక్టు లేకపోతే ఏం జరిగి ఉండేది?’ అనే జరగని సంగతిని ముందు ఊహించి రాయాలి. ఆ ఊహకు ప్రాతిపదిక రేఖ అని పేరు. జరిగినదాన్ని దానిలోంచి తీసివేస్తే వచ్చేదే అమ్ముడుపోయే టన్ను. పైగా ‘ఈ క్రెడిట్ డబ్బు రాకపోతే నేనీ గాలిమర పెట్టేవాణ్ణి కాదు’ అని యజమాని నిరూపించాలి. దీన్ని అదనపుతనం అంటారు. జరగని కథను నమ్మించటంలో ఉండే సాధకబాధకాలు రచయితలకు వేరే చెప్పక్కర్లేదు. తేడా ఒక్కటే. మన కథ నమ్మకపోతే పాఠకుడు పుస్తకం మూసేస్తాడు. ఆ కథ అబద్ధమైతే గాలిలో పొగ పెరుగుతుంది.

రెండు సంతలూ తగాదా పడింది మొదట ఇక్కడే. ఒక ప్రభుత్వం పవన విద్యుత్‌కు మంచి ధర ఇస్తే, లేదా డిస్కంలు కొనితీరాలని చట్టం చేస్తే, గాలిమర ఎలాగూ గిట్టుబాటవుతుంది. అలాంటప్పుడు క్రెడిట్ డబ్బు లేకపోతే పెట్టేవాణ్ణి కాదన్న మాట చెల్లదు. మంచి చట్టం చేసిన దేశానికి క్రెడిట్లు పోతాయి, చెయ్యని దేశానికి వస్తాయి! ఈ వైపరీత్యాన్ని గుర్తించి, 2001 నవంబరు తర్వాత వచ్చిన ఇలాంటి విధానాలను ప్రాతిపదిక రేఖలో లెక్కించనక్కర్లేదని సిడిఎం కార్యనిర్వాహక మండలి 2005లో సడలింపు ఇచ్చింది. దాంతో ఒక చిక్కు తీరి ఇంకోటి పుట్టింది. చట్టం వల్ల ఎలాగూ వచ్చే గాలిమరకు కూడా క్రెడిట్లు రావచ్చన్నమాట. 2009 డిసెంబరులో అదే మండలి చైనాకు చెందిన పది పవన విద్యుత్ ప్రాజెక్టులను తిరస్కరించింది. క్రెడిట్లు దక్కటం కోసం అక్కడ యూనిట్ ధర కావాలని తగ్గించారన్న అనుమానం వచ్చింది. చైనా ఒప్పుకోలేదు. వాతావరణ విధానాన్ని వాతావరణ సంతే వెనక్కి లాగుతోందన్న ఆరోపణ ప్రపంచమంతా విన్నది అప్పుడే.

మన దేశంలో సర్టిఫికెట్ నిబంధనలు సిడిఎం దారిని మూసివెయ్యలేదు. ఒకే గాలిమర దేశంలో సర్టిఫికెట్, విదేశంలో కర్బన క్రెడిట్ అమ్ముకోగలిగింది. ఇక్కడి డిస్కం కాగితం చూపించి తన బాధ్యత తీరిందంది. అక్కడి విద్యుత్ కేంద్రం క్రెడిట్ చూపించి ఒక టన్ను ఎక్కువ వదిలింది. గాలిమర మాత్రం ఒక్కటే. ఇది చట్టవిరుద్ధం కాదు. రెండు చట్టాలు ఒకదాన్నొకటి చూడకపోవటం. ఈ సుఖం కూడా ఎక్కువకాలం నిలవలేదు. 2008లో టన్నుకు ఇరవై యూరోల చుట్టుపక్కల పలికిన సిడిఎం క్రెడిట్, 2012 చివరికి ఒక యూరో కన్నా దిగువకు పడింది.

పరిమితి ఉన్న సంతలో సంబంధం ఇంకా సూక్ష్మమైనది. ఒక ఉదాహరణ అనుకుందాం. ఒక దేశంలో ఏడాదికి 100 లక్షల టన్నుల పత్రాలే ఉన్నాయి. బొగ్గు కేంద్రాలు, సిమెంటు ఫ్యాక్టరీలు వాటిని పంచుకున్నాయి. అదే దేశం సర్టిఫికెట్ల చట్టం తెచ్చింది. కొత్త గాలిమరలు 10 లక్షల మెగావాట్ అవర్ల కరెంటు ఇచ్చాయి. లెక్క సులువు కోసం బొగ్గు కరెంటు మెగావాట్ అవర్‌కు ఒక టన్ను అనుకుంటే, బొగ్గు కేంద్రాల పొగ 10 లక్షల టన్నులు తగ్గింది. తగ్గిన ఆ 10 లక్షల పత్రాలు ఏమయ్యాయి? చింపెయ్యలేదు. బొగ్గు కేంద్రం వాటిని అమ్మింది, సిమెంటు ఫ్యాక్టరీ కొంది. మొత్తం పొగ మళ్లీ 100 లక్షల టన్నులే. నీళ్ల తిత్తిని ఒకచోట నొక్కితే ఇంకోచోట ఉబ్బినట్టు. ఆర్థికవేత్తలు దీన్ని నీటి పరుపుతో పోలుస్తారు. మనకు తోలుతిత్తి చాలు.

ధరల మీద కూడా ఇదే ఒత్తిడి రెండువైపులా పడుతుంది. సర్టిఫికెట్ ధర అంటే, స్థూలంగా, గాలి కరెంటు ఖర్చుకూ మార్కెట్లో మామూలు కరెంటు ధరకూ ఉన్న తేడా. కర్బన ధర పెరిగితే బొగ్గు కరెంటు ఖరీదవుతుంది, తేడా తగ్గుతుంది, సర్టిఫికెట్ ధర పడుతుంది. తిరగేసి చూస్తే, సర్టిఫికెట్ల బాధ్యతను పెంచినకొద్దీ గాలిమరలు పెరుగుతాయి, అనుమతి పత్రాల గిరాకీ తగ్గుతుంది, కర్బన ధర పడుతుంది. కర్బన ధర పడితే ఎవరికి ఎక్కువ లాభం? ఎక్కువ పొగ వదిలేవాడికి. ఈ సంగతినే 2010లో బోరింగర్, రోసెండాల్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు గణితంతో చూపించారు. పరిమితి ఉన్నచోట దానిపైన హరిత కోటా కూడా పెడితే, బొగ్గులో కూడా అతి మురికి కేంద్రాలు మునుపటికన్నా ఎక్కువ కరెంటు తయారుచేసే అవకాశం ఉంది.

ఇక్కడ తొందరపడి హరిత కోటాలన్నీ వ్యర్థమనటం పొరపాటు. ఆ వాదనను బొగ్గు పక్షపాతులు చాలాకాలంగా వాడుకుంటున్నారు. 2013లో ఐరోపా కర్బన ధర అయిదు యూరోల లోపుకు పడిపోవటానికి ప్రధాన కారణం 2008 తర్వాతి ఆర్థిక మాంద్యం, దానితో పాటు విదేశీ క్రెడిట్ల వరద. గాలిమరల వాటా అందులో కొంత. పైగా జర్మనీ 2000లో తెచ్చిన హామీ ధరల చట్టం లాంటివి లేకపోతే సౌరఫలకాలు ఈనాటి ధరకు వచ్చేవి కావు. అవి చవకయినందువల్లే తర్వాత పరిమితిని ఇంకా బిగించటం రాజకీయంగా సాధ్యమయింది. తిత్తి సిద్ధాంతం పరిమితిని మార్పులేని దానిగా చూస్తుంది. పరిమితిని మనుషులే పెడతారు, మనుషులే మారుస్తారు. ఐరోపా 2019 జనవరి నుంచి మిగులు పత్రాలను ఒక నిల్వలోకి లాగటం మొదలుపెట్టింది. 2023 నుంచి ఆ నిల్వ హద్దు మీరితే అదనపు పత్రాలు రద్దవుతున్నాయి. అంటే తిత్తికి చిన్న చిల్లు పెట్టారు. ఆ 2023లోనే ధర ఒకసారి వంద యూరోలు దాటింది. అమెరికా ఈశాన్య రాష్ట్రాలు ఇంకో పద్ధతి పట్టాయి. ఎవరైనా స్వచ్ఛందంగా హరిత కరెంటు కొంటే, దానికి సరిపడా అనుమతి పత్రాలను ప్రభుత్వమే పక్కకు తీసి రద్దు చేస్తుంది. కాలిఫోర్నియాలోనూ ఇలాంటి ఏర్పాటుంది. రెండు సంతలను కలిపి నడపాలంటే ఏదో ఒక రూపంలో ఈ రద్దు తప్పదు.

మన సర్టిఫికెట్ సంత సంగతి మరీ వేరు. దాని రోగం తిత్తి కాదు, గిరాకీ లేకపోవటం. మొదట్లో సౌర సర్టిఫికెట్‌కు కనీస ధర 12,000 రూపాయలు, గరిష్టం 17,000. గాలి వగైరాలకు కనీసం 1,500, గరిష్టం 3,900. అంటే ఎండ పచ్చదనం గాలి పచ్చదనం కన్నా ఎనిమిది రెట్లు! డిస్కంలు కొనలేదు, కొననివాళ్ల మీద రాష్ట్ర మండళ్లు గట్టిగా చర్య తీసుకోలేదు. అమ్ముడుపోని సర్టిఫికెట్లు కోటి దాటాయి. సొంత కరెంటు తయారుచేసుకునే పరిశ్రమలకూ ఈ బాధ్యత ఉందని 2015లో సుప్రీంకోర్టు తేల్చాక కొంత కదలిక వచ్చింది. 2017లో కనీస ధర వెయ్యికి దిగింది. 2020 జూలై నుంచి 2021 నవంబరు దాకా వివాదం వల్ల అమ్మకాలే ఆగిపోయాయి. 2022లో వచ్చిన కొత్త నిబంధనలు కనీస, గరిష్ట ధరలు రెంటినీ ఎత్తేశాయి.

మిగిలింది కంపెనీల మాటల సంగతి. 2015లో వచ్చిన ఒక అంతర్జాతీయ లెక్కల మార్గదర్శకం ప్రకారం, కంపెనీ తన కరెంటు పొగను రెండు రకాలుగా చెప్పాలి: తానున్న గ్రిడ్ సగటు ప్రకారం ఒకటి, తాను కొన్న కాగితాల ప్రకారం ఇంకొకటి. ప్రకటనల్లోకి ఎక్కేది రెండోదే. రాత్రి పూట బొగ్గు కరెంటుతో నడిచిన కార్యాలయం, ఎక్కడో పగటి ఎండకు పుట్టిన సర్టిఫికెట్లతో ‘నూరుశాతం సౌరం’ అవుతుంది. ఇంకొందరు మరో మెట్టు ఎక్కుతారు. మన గ్రిడ్ సగటు పొగ మెగావాట్ అవర్‌కు సుమారు 0.7 టన్ను గనక, వెయ్యి సర్టిఫికెట్లు కొంటే 700 టన్నుల కర్బనం తగ్గించామని, దాంతో తమ విమానాల పొగ కూడా చెల్లిపోయిందని రాస్తారు. ఇది వార్తను కథగా అమ్మటం. సర్టిఫికెట్ అదనపుతనాన్ని నిరూపించదు, నిరూపిస్తానని చెప్పలేదు కూడా. దాన్ని తన కరెంటు లెక్కకే వాడుకోవాలి. గ్రిడ్‌కు కలిసే సౌర, పవన ప్రాజెక్టులకు అదనపుతనం చెప్పటం కష్టమయిందని, 2019 తర్వాత అతి వెనుకబడిన దేశాల్లో తప్ప వాటిని కొత్తగా చేర్చుకోవటం వెర్రా అనే క్రెడిట్ల సంస్థే మానేసింది.

2022లో ఇంధన పొదుపు చట్టాన్ని సవరించి, 2023 జూన్‌లో కేంద్ర ప్రభుత్వం కర్బన క్రెడిట్ వాణిజ్య పథకాన్ని ప్రకటించింది. ఇందులో మొత్తం పొగకు పరిమితి లేదు. టన్ను సిమెంటుకు ఇంత, టన్ను అల్యూమినియంకు ఇంత అని తీవ్రతకు లక్ష్యం. ఉత్పత్తి పెరిగితే పొగ కూడా పెరగవచ్చు. అదే ఏడాది అక్టోబరులో అదే చట్టం కింద ఇంకో ప్రకటన వచ్చింది: డిస్కంలు, కొన్ని రకాల పెద్ద వినియోగదారులు తమ కరెంటులో 2024-25లో 29.91 శాతం, 2029-30 నాటికి 43.33 శాతం పునరుత్పాదక వనరుల నుంచి వాడాలి. ఒక సిమెంటు ఫ్యాక్టరీ రెండిటి కిందా వస్తుందనుకుందాం. గాలి కరెంటు కొని రెండో బాధ్యత తీర్చుకుంది. అదే కరెంటుతో దాని తీవ్రత అంకె కూడా తగ్గినట్టు లెక్కిస్తే, మిగులు క్రెడిట్లు వస్తాయి, వాటిని ఇంకో ఫ్యాక్టరీ కొంటుంది. ఇది యయాతి చిక్కు కాదు. ఇక్కడ ఒకే పుణ్యాన్ని ఇద్దరు చెప్పుకోవటంలేదు, ఒకడే ఒక్క పనితో రెండు చట్టాలకు జవాబు చెబుతున్నాడు. అందులో మోసం లేదు. కాని రెండు చట్టాల్లో ఒకటి పని చెయ్యకుండా కూర్చుంటుంది. మొదటి చట్టం ఎలాగూ చేయించిన పనికి రెండో సంత క్రెడిట్లు ఇస్తే, ఆ క్రెడిట్లు పేరుకుపోయి ధర పడిపోతుంది. కొలిమి మార్చటానికో, క్లింకరు తగ్గించటానికో డబ్బు పెట్టవలసినవాడు చవక క్రెడిట్ కొని ఊరుకుంటాడు. అందుకని తీవ్రత లక్ష్యాలను పెట్టేటప్పుడే రెండో బాధ్యత తేబోయే తగ్గింపును ముందుగా మినహాయించి, అంతమేరకు లక్ష్యాన్ని బిగించాలి.

ఈ పథకంలోకి తీసుకున్నవి తొమ్మిది రంగాలు: అల్యూమినియం, సిమెంటు, క్లోర్-ఆల్కలీ, ఎరువులు, ఇనుము-ఉక్కు, కాగితం, పెట్రోకెమికల్స్, చమురుశుద్ధి, జౌళి. థర్మల్ విద్యుత్ ఆ జాబితాలో లేదు. దీనివల్ల ఒక మంచీ ఒక చెడ్డా జరుగుతున్నాయి. విద్యుత్ మీద పరిమితి లేదు గనక, డిస్కం కొన్న సర్టిఫికెట్ వెనక ఉన్న గాలిమర నిజంగా బొగ్గును తప్పిస్తే, ఆ తగ్గింపు తిత్తిలో ఇంకోమూలకు పోదు, గాలిలో నిలుస్తుంది. చెడు ఏమంటే, రామగుండంలోనూ సింహాద్రిలోనూ పొగగొట్టం నుంచి వచ్చే టన్నుకు ఈ కొత్త సంత ఏ ధరా కట్టదు. వాటిని కాస్తయినా వెనక్కి నెట్టే సంత సాధనం ఇప్పటికి సర్టిఫికెట్ వెనక ఉన్న కొనుగోలు బాధ్యత ఒక్కటే. దాన్ని అమలుచెయ్యవలసింది కోటి సర్టిఫికెట్లు పేరుకుపోతుంటే చూస్తూ ఊరుకున్న ఆ రాష్ట్ర మండళ్లే.